మంచులో వెనక చక్రాల స్పోర్ట్స్ కారు.. యాక్సిల్ పక్కకు జరిగినా మాంటే కార్లో గెలిచాడు! డొనాల్డ్ హీలీ జీవితం ఇదీ..

1931 జనవరి. నార్వే సముద్ర తీరంలోని స్టావెంగర్ పట్టణం. గడ్డకట్టే చలి, మంచు పేరుకున్న రోడ్లు. అక్కడి నుంచి మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న మాంటే కార్లో దాకా వెళ్లాలి. దూరం మూడు వేల కిలోమీటర్లకు పైనే. రాత్రీ పగలూ ఆగకుండా నడపాలి. చేతిలో ఉన్నది జీపు కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ అప్పటి కార్లలో చాలా అరుదు. పొడవాటి బానెట్, నేలకు ఆనుకున్నట్టుండే బాడీ, వెనక చక్రాలకు మాత్రమే పవర్ అందే ఓ స్పోర్ట్స్ కారు అది. దాని పేరు ఇన్‌విక్టా. స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషి డొనాల్డ్ హీలీ.

దారిలోనే కారు జారింది. టెలిగ్రాఫ్ స్తంభానికి కొట్టుకుంది. వెనక యాక్సిల్ ఉన్నచోటు నుంచి పక్కకు జరిగిపోయింది. ఒక బ్రేకు పనికిరాకుండా పోయింది. ఎవరైనా అక్కడితో ఆగిపోయేవారే. హీలీ ఆగలేదు. వంకరగా నడుస్తున్న ఆ కారునే యూరప్ మొత్తం దాటించి, ర్యాలీ గెలిచి చూపించారు.

పాత స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఆస్టిన్ హీలీ పేరు చెబితే చాలు, కళ్లు మెరుస్తాయి. ఆ పేరులోని హీలీ ఈయనే. ఇంతకీ మంచులో వెనక చక్రాల కారు నడపడం ఎందుకంత కష్టం? ఈయన ఎలా నెగ్గారు? వివరంగా చూద్దాం.

అసలు చిక్కు ఎక్కడ?

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఫ్రంట్ వీల్ డ్రైవ్. అంటే ఇంజిన్ ముందే ఉంటుంది, పవర్ కూడా ముందు చక్రాలకే వెళ్తుంది. ఇంజిన్ బరువు ఆ చక్రాలనే నేలకు అదిమి పట్టి ఉంచుతుంది. అందుకే పట్టు దొరుకుతుంది.

పాతకాలం కార్ల సంగతి వేరు. మన అంబాసిడర్‌నే తీసుకోండి. ఇంజిన్ ముందు, తిరిగే చక్రాలు వెనక. డ్రైవర్ ఒక్కడే ఉండి వెనక సీటు ఖాళీగా ఉంటే వెనక భాగం తేలిక. తొలకరి వానకు నల్లరేగడి దారిలో అలాంటి కారు దిగబడితే, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది తప్ప బండి కదలదు. వెనక సీట్లో ఇద్దరు ఎక్కి కూర్చుంటేనో, డిక్కీలో బస్తా వేస్తేనో పట్టు వస్తుంది.

మంచు మీద ఇదే కష్టం ఇంకా ఎక్కువ. బురదలో చక్రం ఇరుక్కుపోతుంది, గట్టిపడ్డ మంచు మీద మాత్రం జారిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. టైరు పట్టు తప్పి గిర్రున తిరగడం మొదలైతే ముందుకు నెట్టలేకపోవడమే కాదు, పక్కకు జారకుండా ఆపే శక్తి కూడా పోతుంది. మలుపులో కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే చాలు, కారు వెనక భాగం బయటికి వచ్చేస్తుంది. సర్దుకునే లోపు కారు వచ్చిన దారి వైపు తిరిగి నిలబడుతుంది. ఇంజిన్ ఎంత బలమైనదైతే ఈ ముప్పు అంత ఎక్కువ.

హీలీ నడిపిన ఇన్‌విక్టా ఇంజిన్ నాలుగున్నర లీటర్లది. ఆరు సిలిండర్లు. అప్పట్లో అది పెద్ద శక్తే.

కార్న్‌వాల్ కుర్రాడు.. ముందు విమానాలు, తర్వాత కార్లు

డొనాల్డ్ హీలీ 1898 జులై 3న ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, పెరన్‌పోర్త్ అనే సముద్రతీర గ్రామంలో పుట్టారు. తండ్రికి అక్కడ దుకాణం ఉండేది. కొడుక్కి యంత్రాల మీద ఉన్న పిచ్చి చూసి సాప్‌విత్ విమానాల కంపెనీలో పని నేర్చుకోవడానికి పంపారు.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం. 1916లో హీలీ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి పైలట్ అయ్యారు. శత్రువుల తూటాలకు దొరకలేదు కానీ, సొంత దేశపు విమాన విధ్వంసక తుపాకులే పొరపాటున ఆయన విమానాన్ని కూల్చేశాయి. ప్రాణం దక్కింది, ఆరోగ్యం మాత్రం దెబ్బతింది. 1917లో సైన్యం ఆయన్ను ఇంటికి పంపించేసింది. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు.

ఊరికి తిరిగొచ్చాక పోస్టల్ కోర్సు ద్వారా ఆటోమొబైల్ ఇంజినీరింగ్ చదువుకున్నారు. పెరన్‌పోర్త్‌లోనే గ్యారేజీ పెట్టారు. అయితే రిపేర్ల కన్నా పోటీల మీదే ఆయన మనసు. తన చేతులతో సరిచేసిన కారును తనే ర్యాలీలో నడపడం అలవాటు చేసుకున్నారు. ఏ నట్టు ఎక్కడ వదులవుతుందో, ఏ రాడ్డు ఎంత దెబ్బ తట్టుకుంటుందో ఆయనకు తెలుసు. తర్వాత మంచు రోడ్ల మీద ఆయన్ను కాపాడింది ఈ తెలివిడే.

దూరం ఎక్కువైతే మార్కులు ఎక్కువ

మాంటే కార్లో ర్యాలీ 1911లో మొదలైంది. చలికాలంలో మొనాకోకు జనాన్ని రప్పించాలన్నది దాని వెనక ఆలోచన. అప్పట్లో అందరూ ఒకే చోటు నుంచి బయల్దేరేవారు కాదు. యూరప్‌లో ఎన్నో ఊళ్లు ఉండేవి, ఎవరికి నచ్చిన చోట వాళ్లు మొదలుపెట్టేవారు. కానీ ఎంత దూరం నుంచి వస్తే అన్ని మార్కులు వచ్చేవి. దూరపు ఊళ్లంటే చాలావరకు మంచు దారులే. గెలవాలంటే ఆ కష్టాన్ని కోరి తెచ్చుకోక తప్పేది కాదు.

1929లో హీలీ ట్రయంఫ్ సూపర్ సెవెన్ అనే బుల్లి కారుతో ప్రయత్నించారు. సమయానికి చేరలేకపోయారు. మరుసటి ఏడాది అదే రకం కారుతో ఎస్టోనియా రాజధాని టాలిన్ నుంచి బయల్దేరారు. ఇంజిన్ కేవలం 832 సీసీ. ఇది కూడా వెనక చక్రాల బండే. అయినా మొత్తం పోటీలో ఏడో స్థానం దక్కింది. పెద్ద పెద్ద కార్లు వెనకబడిపోయాయి.

ఇక్కడో విషయం గమనించాలి. తక్కువ పవర్ ఉన్న తేలికపాటి కారు మంచులో ఒక రకంగా నయం. చక్రాలను తిప్పి పారేసేంత బలం దానికి ఉండదు. మరి పెద్ద ఇంజిన్‌తో వెళ్తే? ఆ ప్రశ్నకు జవాబే 1931.

అందరూ భయపడిన కారు

ఇన్‌విక్టా ఎస్ టైప్ కారు చాలా కిందకు ఉంటుంది. వెనక భాగంలో చాసిస్ యాక్సిల్ కింద నుంచి వెళ్తుంది. అందుకే చూడ్డానికి నేల మీద పడుకున్నట్టు కనిపిస్తుంది. అందం సరే, జారుతుందన్న చెడ్డపేరు కూడా దానికే వచ్చింది. లెమాన్స్ రేసు గెలిచిన ప్రముఖ డ్రైవర్, జర్నలిస్టు సామీ డేవిస్ అదే 1931లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఇదే మోడల్ నడుపుతుండగా కారు అదుపు తప్పింది. ఆయన తీవ్రంగా గాయపడ్డారు. మంచు లేని ట్రాక్ మీద, పేరున్న డ్రైవర్ చేతిలోనే అలా జరిగిన కారు అది.

అలాంటి కారును హీలీ నార్వే మంచులోకి తీసుకెళ్లారు. స్తంభానికి కొట్టుకున్నాక యాక్సిల్ జరిగింది కదా. అంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు. కారు ఎండ్రకాయలా కాస్త పక్కకు తిరిగి పోతుంటుంది. నిటారుగా వెళ్లాలన్నా స్టీరింగ్‌ను ఒక పక్కకు పట్టుకునే ఉండాలి. బ్రేకులు నాలుగు చక్రాలకూ సమానంగా పడవు. మంచు మీద బ్రేకులు సమానంగా పడకపోతే కారు బొంగరంలా తిరుగుతుంది.

అలాంటప్పుడు డ్రైవర్ చేతిలో మిగిలేవి రెండే. ఒకటి గేర్లు, రెండు కుడికాలు. వేగం తగ్గించాలంటే బ్రేకు మీదకు వెళ్లకుండా ముందుగానే గేరు తగ్గించుకోవాలి. మలుపు చాలా దూరంలో ఉండగానే నిదానించాలి. మలుపు తిరిగి కారు సూటిగా అయ్యాకే మెల్లగా పవర్ ఇవ్వాలి. ఒక్కసారి గాభరా పడి పెడల్ గట్టిగా తొక్కినా కథ ముగిసినట్టే. మూడు వేల కిలోమీటర్లు, నిద్ర లేని రాత్రులు, హీటర్ లేని కారు.. వీటి మధ్య ఈ ఓపికను కాపాడుకోవడమే అసలు పరీక్ష.

మాంటే కార్లో చేరాక కూడా పని అయిపోదు. కారు ఎంత చురుగ్గా ఎత్తుకుంటుంది, ఎంత చక్కగా ఆగుతుంది అని చూసే పరీక్ష ఉండేది. దెబ్బతిన్న కారుతోనే హీలీ అదీ దాటేశారు. 1931 ర్యాలీ విజేతగా నిలిచారు. 1932లో స్వీడన్‌లోని ఉమెయో నుంచి మళ్లీ ఇన్‌విక్టాతోనే వచ్చి రెండో స్థానం సాధించారు. అంటే మొదటి గెలుపు గాలివాటంగా వచ్చింది కాదని తేలిపోయింది.

రైలు ఢీకొట్టినా..

ఆ తర్వాత హీలీ ట్రయంఫ్ కంపెనీలో సాంకేతిక బాధ్యతలు చేపట్టారు. 1934లో ట్రయంఫ్ గ్లోరియాతో ఏథెన్స్ నుంచి బయల్దేరి మూడో స్థానంలో నిలిచారు.

1935లో మాత్రం చావు అంచు దాకా వెళ్లొచ్చారు. తాను ఎంతో ఇష్టంగా తయారు చేయించిన ట్రయంఫ్ డోలమైట్, ఎనిమిది సిలిండర్ల సూపర్‌చార్జ్‌డ్ కారు, డెన్మార్క్‌లో ఓ లెవెల్ క్రాసింగ్ దగ్గర రైలుకు అడ్డుపడింది. కారు తుక్కుతుక్కైంది. హీలీ, ఆయన సహచరుడు ప్రాణాలతో బయటపడ్డారు. ఇంకెవరైనా అయితే మంచు ర్యాలీలకు దణ్ణం పెట్టేవారేమో. ఆయన 1936లో మళ్లీ డోలమైట్‌తోనే వచ్చారు. ఎనిమిదో స్థానం తెచ్చుకున్నారు.

48 ఏళ్ల వయసులో సొంత కారు

1939లో ట్రయంఫ్ ఆర్థికంగా కుప్పకూలింది. వెంటనే రెండో ప్రపంచ యుద్ధం. హంబర్ కంపెనీలో సైనిక వాహనాల పని చూస్తూనే, యుద్ధం ముగిశాక ఎలాంటి కారు చేయాలో ఇద్దరు సహోద్యోగులతో కలిసి బొమ్మలు గీసుకున్నారు. 1946లో వార్విక్ పట్టణంలోని చిన్న షెడ్డు నుంచి హీలీ కార్లు బయటికొచ్చాయి. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. 1948లో ఇటలీలో జరిగిన మిల్లె మిలియా రేసులో పెద్ద కొడుకు జెఫ్రీని పక్కన కూర్చోబెట్టుకుని తన కారునే నడిపి తొమ్మిదో స్థానంలో నిలిచారు.

1949 చివర్లో ఇంజిన్ల కోసం అమెరికా బయల్దేరారు. క్యాడిలాక్ కంపెనీని అడగాలన్నది ప్లాన్. క్వీన్ ఎలిజబెత్ ఓడలో నాష్ కంపెనీ అధిపతి జార్జ్ మేసన్ పరిచయమయ్యారు. ఇద్దరికీ ఫొటోలంటే ఇష్టం, మాట కలిసింది. క్యాడిలాక్ కాదంది. నాష్ ఇంజిన్లు ఇచ్చింది. అలా నాష్ హీలీ పుట్టింది. 1952 లెమాన్స్‌లో ఆ కారు మూడో స్థానం కొట్టింది.

అసలు మలుపు అదే ఏడాది లండన్ మోటార్ షోలో వచ్చింది. హీలీ హండ్రెడ్ అనే కొత్త కారును ప్రదర్శనకు పెట్టారు. గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటుతుందనే ఆ పేరు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ పెద్ద లియోనార్డ్ లార్డ్ దాన్ని చూసి తామే తయారు చేస్తామన్నారు. షోలోనే ఒప్పందం కుదిరింది. కారు పేరు ఆస్టిన్ హీలీ 100గా మారింది.

మనకు ఇక్కడో చుట్టరికం ఉంది. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఇదే కార్పొరేషన్ కారే. ఒకే గొడుగు కింద నుంచి ఒకటి మన రోడ్ల మీద తిరిగే పెద్దమనిషి బండిగా, ఇంకోటి కుర్రకారు కలగా వచ్చాయి. రెండిట్లోనూ ఇంజిన్ ముందు, తోసే చక్రాలు వెనక.

1956లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ప్రత్యేకంగా తయారు చేసిన ఆస్టిన్ హీలీని హీలీ స్వయంగా గంటకు 203 మైళ్ల వేగంతో నడిపారు. అంటే దాదాపు 327 కిలోమీటర్లు. అప్పుడాయన వయసు 58.

మాంటే కార్లోలోనే బుల్లి కారు

1958 మే 20న ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌ను ప్రపంచానికి చూపించారు. ఎక్కడో తెలుసా? మాంటే కార్లోలో! బానెట్ మీద కప్ప కళ్లలా పొడుచుకొచ్చిన హెడ్‌లైట్లు దాని గుర్తు. బయట డోర్ హ్యాండిల్ లేదు, వెనక డిక్కీ మూత లేదు. సామాన్యుడికి అందే ధరలో స్పోర్ట్స్ కారు ఇవ్వాలన్నది ఆలోచన. చలికాలంలో దాంట్లో తిరగడం సుఖమేమీ కాదు. కానీ తేలిక బండి, చిన్న ఇంజిన్. జారితే ముందే తెలుస్తుంది, సర్దుకునే వ్యవధి ఇస్తుంది. 1930లో సూపర్ సెవెన్ నేర్పిన పాఠం ఇందులో కనిపిస్తుంది.

ఇక పెద్ద కారు ఆస్టిన్ హీలీ 3000 ర్యాలీల్లో మొనగాడు అనిపించుకుంది. 1960లో పాట్ మాస్, ఆన్ విజ్డమ్ అనే ఇద్దరు మహిళలు దాంతో లీజ్ రోమ్ లీజ్ మహా ర్యాలీని ఓవరాల్‌గా గెలిచి సంచలనం సృష్టించారు.

సొంత ఇంట్లోనే పోటీ

అయితే మంచులో కాలం మారిపోయింది. 1962, 1963ల్లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ సాబ్‌తో ఎరిక్ కార్ల్‌సన్ మాంటే కార్లో గెలిచారు. 1964లో మినీ కూపర్ గెలిచింది. అది ఆస్టిన్ హీలీని తయారు చేసే కార్పొరేషన్ కారే. బుజ్జి బండి, ముందు చక్రాలే లాక్కెళ్తాయి. హీలీ ఏ పద్ధతిలో పేరు తెచ్చుకున్నారో, ఆ పద్ధతికి సొంత ఇంట్లోనే కాలం చెల్లింది.

పూర్తిగా పోయిందా అంటే అదీ కాదు. 1968 నుంచి వరుసగా మూడేళ్లు పోర్షె 911 మాంటే కార్లో గెలిచింది. దానికీ వెనక చక్రాలే. కిటుకు ఏంటంటే ఇంజిన్ కూడా వెనకే. బరువంతా తిరిగే చక్రాల మీదే పడుతుంది. డిక్కీలో బస్తా వేసిన సూత్రమే! 1983లో లాన్సియా గెలుపు తర్వాత మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ రాజ్యమేలింది. 1984లో మొదటి మూడు స్థానాలూ ఆడీ క్వాట్రోవే.

వ్యాపారంలోనూ హీలీకి ఎదురుగాలి మొదలైంది. 1968లో కార్పొరేషన్ లేలాండ్‌లో కలిసిపోయింది. కొత్త యాజమాన్యానికి హీలీ పేరు అక్కర్లేదు. పెద్ద హీలీ ఉత్పత్తి అప్పటికే ఆగిపోయింది, కొన్నాళ్లకు స్ప్రైట్ మీద నుంచీ ఆ పేరు తీసేశారు. ఆయన జెన్సెన్ కంపెనీ ఛైర్మన్ అయ్యి 1972లో జెన్సెన్ హీలీని తెచ్చారు. ఆ కంపెనీ కూడా 1976లో మూతపడింది. 1988 జనవరిలో, 89 ఏళ్ల వయసులో డొనాల్డ్ హీలీ కన్నుమూశారు.

ఆయన దారి నుంచి మనం నేర్చుకోవాల్సింది

అమెరికా, కెనడాల్లో ఉంటూ సరదాపడి రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు కొన్న మన తెలుగు కుర్రాళ్లకు మొదటి చలికాలంలోనే ఈ తిప్పలు తెలుస్తాయి. ఇప్పటి కార్లలో చక్రం జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థలున్నాయి. అవి సాయం చేస్తాయి తప్ప లేని పట్టును పుట్టించలేవు. హీలీ కాలం నుంచి ఇప్పటిదాకా మారని సంగతులు ఇవి:

* వేసవి టైర్లతో మంచులోకి దిగొద్దు. నాలుగు చక్రాలకూ వింటర్ టైర్లు ఉండాల్సిందే. వెనక రెండింటికే వేస్తే ముందు చక్రాలు మాట వినవు, కారు తిరగాల్సిన చోట తిరగదు.

* మాన్యువల్ గేర్లుంటే కదిలేటప్పుడు రెండో గేరు నయం. చక్రం మీద ఒక్కసారిగా బలం పడదు.

* మలుపు రాకముందే నిదానించండి. మలుపులో బ్రేకు, గట్టి యాక్సిలరేటర్ రెండూ వద్దు.

* వెనక భాగం జారితే భయపడి బ్రేకు తొక్కొద్దు. కాలు మెల్లగా తీసి, వెనక భాగం ఏ పక్కకు పోతోందో స్టీరింగ్‌ను ఆ పక్కకే తిప్పండి. పట్టు దొరకగానే నేరుగా తెచ్చేయండి, ఆలస్యమైతే రెండో పక్కకు విసిరేస్తుంది.

* డిక్కీలో పార, ఇసుక, దుప్పటి ఉంచుకోండి. ఇసుక రెండు విధాలా పనికొస్తుంది. వెనక బరువుగానూ ఉంటుంది, చక్రం కిందా చల్లుకోవచ్చు.

ఇవన్నీ కొత్త మాటలేం కాదు. కానీ యాక్సిల్ వంకర పోయి, ఒక బ్రేకు పోయి, నిద్ర లేక కళ్లు మూతలు పడుతున్నప్పుడు కూడా ఇవే పాటించడం కష్టం. 1931లో హీలీ కన్నా మంచి కార్లున్నవాళ్లు, ఆయన కన్నా దెబ్బ తగలని కార్లున్నవాళ్లు చాలామందే బయల్దేరారు. మొదటి స్థానం మాత్రం కుడికాలిని అదుపులో పెట్టుకున్న మనిషికి దక్కింది.